డీఎన్‌డీ పెట్టినా ఆగని ఫోన్లు
1909కి ఒక్క మెసేజ్ కొట్టి డీఎన్‌డీ (ప్రచార కాల్స్ మాకొద్దని నమోదు చేసుకోవడం) పెట్టుకుంటే స్పామ్ కాల్స్ ఆగిపోతాయని ఎవరో రాశారు, నాకైతే అది సగమే నిజం. 140తో మొదలయ్యే టెలిమార్కెటింగ్ నంబర్ల నుంచి వచ్చేవి తగ్గిన మాట వాస్తవమే. మరి మామూలు పది అంకెల మొబైల్ నంబర్ల నుంచి చేసేవాళ్ల సంగతేంటి? మొన్న మధ్యాహ్నం అప్పుడే కన్నంటుకుంటుంటే, ‘సార్, శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లున్నాయి’ అంటూ ఒకావిడ. వద్దమ్మా అని పెట్టేస్తే అయిదు నిమిషాల్లో ఇంకో నంబరు, అదే వెంచరు! నా ఫోన్లో చుట్టాల నంబర్ల కంటే బ్లాక్ చేసినవే ఎక్కువ. స్పామ్ కాల్ వచ్చాక ఫిర్యాదు చేసే గడువును 2025లో 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచారు, అది మాత్రం మేలే, ఇదివరకు నాకు తీరిక దొరికేసరికి గడువు దాటిపోయేది. పోనీ తెలియని నంబరు ఎత్తకుండా ఉందామా అంటే, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిదీ పది అంకెల నంబరేనాయె.