సింకు కింద అర నుంచే మొదలుపెట్టాలి

కొత్తగా మార్పించుకున్న వంటగదిని చూపించేవారు ముందు షట్టర్ల (అరల తలుపుల) రంగు చూపిస్తారు, తర్వాత చప్పుడు లేకుండా దానంతటదే మూసుకునే సొరుగును రెండుసార్లు లాగి చూపిస్తారు. సింకు కింద తలుపు మాత్రం ఎవరూ తెరవరు. తక్కువ ఖర్చులో మాడ్యులర్ క్యాబినెట్లు, అంటే విడివిడి డబ్బాలుగా చేసి తెచ్చి పక్కపక్కన బిగించే అరలు, పెట్టించుకున్న ఇళ్లలో పనితనం బయటపడేది అక్కడే. చవక క్యాబినెట్లు పనికిరావని నేను అనను. ఎక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో తేల్చుకోకుండా గది మొత్తానికి ఒకే రకం బోర్డు, ఒకే లెక్క మాట్లాడుకోవడం వల్లే పొదుపు చేసిన సొమ్ము మరమ్మతులకు పోతోందన్నది నా అభిప్రాయం.

అమర్పు వంటగది అన్న ఆలోచన మొదట విలాసం కోసం వచ్చింది కాదు. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం నిర్మిస్తున్న చవక ఇళ్ల కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటగదిని రూపొందించారు. దాదాపు 10,000 ఇళ్లలో దాన్ని అమర్చారు. అంత ఇరుకు గదిలో, అంత బిగువైన ఖర్చులో కూడా ఆమె అన్నిచోట్లా ఒకే కలప వాడలేదు. పిండి నిల్వ చేసే సొరుగులకు పురుగు పట్టకుండా ఓక్ చెక్కను, కూరగాయలు తరిగే బల్లకు మరకలను, కత్తి గాట్లను తట్టుకునే బీచ్ చెక్కను ఎంచుకున్నారు. ఏ చోట ఏ పని జరుగుతుందో చూసి దానికి తగిన సరుకు వాడడం అన్న ఈ పద్ధతిని మనం ఇప్పుడు మరిచిపోయాం. షోరూములో నిలబడి ఏ రంగు కావాలని అడుగుతాం తప్ప, ఏ డబ్బాకు ఏ బోర్డు వేస్తారని అడగం.

క్యాబినెట్ అంటే షట్టర్ కాదు, దాని వెనకున్న డబ్బా. చవక రకాల్లో అది సాధారణంగా 16 లేదా 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పార్టికల్ బోర్డుతో తయారవుతుంది. చెక్క పొట్టును జిగురుతో కలిపి, వేడిమీద అదిమి చేసే ఈ బోర్డు పొడిగా ఉన్నంతకాలం బాగానే నిలుస్తుంది. పైనా కిందా లామినేట్ అనే పలుచని గట్టి పొర ఉంటుంది కాబట్టి ఆ వైపు నుంచి నీటితో పెద్ద భయం లేదు, ప్రమాదమంతా కోసిన అంచుల దగ్గరే. అంచుకు అంటించిన పట్టీ ఎక్కడైనా లేచినా, అసలు పట్టీయే వేయకపోయినా, తడి లోపలికి పాకి పొట్టు ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన బోర్డు ఆరిన తర్వాత కూడా మునుపటి మందానికి రాదు. ఆకుపచ్చ రంగు కలిపిన తేమ నిరోధక బోర్డును చూపించి నీటికి చెక్కుచెదరదని అమ్మేవారున్నారు. ఆ రంగు గుర్తు కోసం కలిపినది మాత్రమే. ఆ రకం బోర్డు ఉబ్బడం ఆలస్యమవుతుందేగానీ, అసలు ఉబ్బకుండా ఉండదు.

మా ఇంట్లో ఇదే జరిగింది. క్యాబినెట్లు బిగించడానికి వచ్చిన మనిషి డ్రెయిన్ పైపు కోసం సింకు కింది డబ్బా అడుగు బోర్డులో అక్కడికక్కడే రంధ్రం కోశాడు, దాని అంచును అలాగే వదిలేశాడు. పైపు జాయింటు నుంచి కారిన తడి చుక్కలు చుక్కలుగా ఆ అంచుకే చేరేది. కొన్ని నెలలకు రంధ్రం చుట్టూ బోర్డు గారెలా పొంగి, లామినేట్ పగిలి, షట్టర్ కింద తగులుతూ సరిగా మూసుకోవడం మానేసింది. మిగతా డబ్బాలన్నీ ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. పాడైన ఒక్కదాన్ని విప్పి, మరిగే నీటిని తట్టుకునే రకం ప్లైవుడ్‌తో చేయించిన డబ్బాను దాని చోట పెడితే ఒక పూటలో పని అయిపోయింది. మాడ్యులర్ పద్ధతిలో అసలు సుఖం ఇదే కదా! మొదటే ఆ ఒక్క డబ్బాకు మంచి ప్లైవుడ్ వేయించి ఉంటే మొత్తం బిల్లులో పెద్ద తేడా వచ్చేది కాదు.

నీటి తర్వాత ఎక్కువ దెబ్బ తినేది కీళ్ల దగ్గర. షట్టర్ వెనక 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట తవ్వి హింజ్ (కీలు) కూర్చోబెడతారు, రెండో కొసను డబ్బా గోడకు స్క్రూలతో బిగిస్తారు. పార్టికల్ బోర్డులో స్క్రూ మొదటిసారి గట్టిగానే పడుతుంది, విప్పి అదే రంధ్రంలో మళ్లీ బిగిస్తే ఆ పట్టు ఉండదు. షట్టర్ ఒరిగిపోతే రంధ్రంలో అగ్గిపుల్లలు, జిగురు దూర్చి మళ్లీ బిగించడం చాలామందికి తెలిసిన చిట్కాయే, అది కొన్నాళ్లే పనిచేస్తుంది. అందుకే బోర్డు మామూలుదైనా హింజ్‌లు, సొరుగులు జారే పట్టాలైన ఛానళ్లు మంచివి తీసుకోవాలని నేను చెబుతాను. అవి వాడుకలో ఉన్న ప్రామాణిక కొలతలవైతే ఒక తయారీదారు సరుకు పాడైనప్పుడు మరొకరిది అమర్చుకోవచ్చు. మూలల్లో గిరగిర తిరిగే తీగ బుట్టల మీద పెట్టే డబ్బును మాత్రం నేను సమర్థించలేను. వాటికి ఖర్చు ఎక్కువ, వాటిలో పట్టే సామాను తక్కువ.

కొలతల దగ్గర ఇంకో చిక్కుంది. డబ్బాలు 300, 400, 450, 600 మిల్లీమీటర్ల వంటి నిర్ణీత వెడల్పుల్లో వస్తాయి, మన గోడలు ఆ లెక్క చూసి కట్టినవి కావు. గోడ 2,740 మిల్లీమీటర్లుంటే 600వి నాలుగు, 300ది ఒకటి పోగా 40 మిగులుతుంది. ఆ ఖాళీని ఫిల్లర్ పట్టీతో మూస్తే సరిపోతుంది, దానికోసం ప్రత్యేక కొలతల డబ్బా చేయించుకుంటే చవక అన్న మాటకే అర్థం ఉండదు. గోడలు అడుగున ఒక కొలత, పైన ఒక కొలత చూపడం కూడా మామూలే, కాబట్టి మూడు ఎత్తుల్లో కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సింకును ఇప్పుడున్న చోటు నుంచి కదపకపోవడం ఇంకా పెద్ద పొదుపు. దాన్ని జరిపితే డ్రెయిన్ పైపుకు కొత్తగా వాలు ఇవ్వాలి, అందుకు గోడో నేలో పగలగొట్టాలి. పాత డబ్బాలు గట్టిగా ఉంటే షట్టర్లు, హింజ్‌లు మాత్రమే మార్పించుకోవచ్చని అమ్మేవారు సాధారణంగా చెప్పరు, మనమే అడగాలి.

ధర చెప్పే పద్ధతిలోనూ లోపముంది. ముందు భాగం వైశాల్యాన్ని బట్టి గంపగుత్తగా ఒక అంకె చెప్పినప్పుడు, లోపలి బోర్డు ఏదో, హింజ్‌లు ఎన్నో, అడుగున కాళ్లున్నాయో లేక డబ్బా నేరుగా నేల మీదే కూర్చుంటుందో తెలియదు. నేల తుడిచిన ప్రతిసారీ తడి తగిలే డబ్బాకు కాళ్లు, ఆ కాళ్ల ముందు విప్పి తీయగలిగే స్కర్టింగ్ పట్టీ లేకపోతే ఎంత మంచి బోర్డయినా ఎక్కువ కాలం నిలవదు. ఒక్కో డబ్బాకు విడివిడిగా బోర్డు రకం, మందం, అంచు పట్టీ, హింజ్‌ల సంఖ్య రాయించుకోవాలి. బోర్డు జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఏ తరగతిలో ఉందో కూడా అందులోనే రాయించాలి. E1 అనే తరగతి కన్నా E0 తరగతిలో అది తక్కువ.

బిగించే రోజున ఇంట్లో ఒకరు టార్చి పట్టుకుని దగ్గరుండాలి. పైపు కోసం కోసిన ప్రతి రంధ్రం అంచునూ చూసి, పచ్చి పొట్టు కనిపించిన చోటల్లా సిలికాన్ పూయించి, అది ఆరాకే పైపు ఎక్కించమనాలి. సింకు కూర్చోబెట్టాక ఆ మూలకు చెయ్యి పోదు.