వైన్ జెల్లీలో ఆల్కహాల్ ఎగిరిపోదు

మా నల్లగొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య వైన్ జెల్లీ మెసేజ్ ఒకటి తెగ తిరుగుతోంది. వైన్‌ను ఒక్క పొంగు రానిచ్చి జెలటిన్ కలిపితే మత్తంతా ఎగిరిపోతుందట, పిల్లలకూ పెట్టొచ్చట. జెలటిన్ సముద్రపు నాచుతో చేసేది కాబట్టి ప్యూర్ వెజ్ అట. ఎంత మరిగిస్తే అంత గట్టిగా వస్తుందట. పైన పచ్చి పైనాపిల్, బొప్పాయి ముక్కలు వేసుకోవాలట. ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టినా కరగదట. వంటకం మంచిదే, సులువైనదే. ఈ మాటల్లో మాత్రం ఒక్కటీ నిలబడదు.

ముందు పిల్లల సంగతి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పొంగు వచ్చేసరికి మొత్తం పోతుందని చాలామంది నమ్మకం. నీళ్లలో కలిసిన ఆల్కహాల్ అలా విడిపోయి లేచిపోదు, నీటి ఆవిరితో పాటే కొంచెం కొంచెంగా పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, మరుగుతున్న దాంట్లో పోసి వెంటనే దించేస్తే 85 శాతం అలాగే ఉంటుంది. పావుగంట ఉడికించినా 40 శాతం, గంటసేపు ఉడికించినా 25 శాతం మిగులుతుంది. లెక్క వేసి చూడండి: 12 శాతం వైన్ 200 మి.లీ. పోస్తే అందులో ఆల్కహాల్ 24 మి.లీ. ఒక పొంగుకు పోయేది పోగా 20 దాకా ఉంటుంది. మొత్తం జెల్లీ 400 మి.లీ. అయితే అది 5 శాతం, అంటే మామూలు బీరంత. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు వైన్స్‌లో సీసా అమ్మకూడదు, మనమేమో గిన్నెలో వేసి చెంచా చేతికిస్తున్నాం! గర్భిణులకు, తిన్నాక బండి తీసేవాళ్లకు కూడా ఇది పెట్టకండి.

జెలటిన్ వెజ్ కాదు. పశువుల చర్మం, ఎముకలు, పంది చర్మం, కొన్నిసార్లు చేపల చర్మం నుంచి తీస్తారు. నాచు నుంచి వచ్చేది అగర్, మన కిరాణా షాపుల్లో చైనా గ్రాస్ అని అడిగితే ఇచ్చేది. శనివారం నీచు ముట్టని ఇళ్లవాళ్లు ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి మరీ కొనండి.

ఇక మరిగించడం. జెలటిన్‌ను ఎక్కువసేపు మరిగిస్తే గడ్డకట్టే గుణమే తగ్గిపోతుంది, వైన్‌ను మరిగిస్తే వాసన పోతుంది. రెండూ కలిపి మరిగిస్తే అసలుకే ఎసరు. 7 గ్రాముల జెలటిన్‌ను 50 మి.లీ. చల్లటి నీళ్ల మీద చల్లి పది నిమిషాలు కదపకండి. పలుకులు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. 150 మి.లీ. నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కరిగించి, స్టవ్ ఆపి, ఉబ్బిన జెలటిన్ కలపండి. పలుకు కనిపించకుండా కరిగి, గోరువెచ్చగా అయ్యాక 200 మి.లీ. వైన్ పోయండి. ఫ్రిజ్‌లో నాలుగు గంటలు చాలు.

పచ్చి పైనాపిల్, బొప్పాయిల్లో ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైములుంటాయి. జెలటిన్ ప్రొటీనే కదా, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా నీళ్లలాగే ఉంటుంది. ఉడికిస్తే ఆ ఎంజైములు చచ్చిపోతాయి, అందుకే డబ్బాలో వచ్చే పైనాపిల్‌తో ఇబ్బంది లేదు. ద్రాక్ష, దానిమ్మ నిక్షేపంగా వేసుకోవచ్చు.

బయట పెట్టినా కరగదన్న మాట మన ఊళ్లలో రాసింది కాదనిపిస్తుంది. జెలటిన్ దాదాపు 35 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెలలో మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో టేబుల్ మీద పెడితే అన్నాలు కాకముందే షర్బత్ అవుతుంది. అగర్ జెల్లీ ఒకసారి గట్టిపడితే 85 డిగ్రీల దాకా కరగదు. ఎండాకాలం పెళ్లికైతే అదే చేయించండి.

పిల్లలకు వేరుగా చేయాలంటే మన బత్తాయిలున్నాయి. ఒక చెంచా అగర్ పొడిని ముప్పావు కప్పు నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి, దించాక ముప్పావు కప్పు బత్తాయి రసం, చక్కెర కలపండి. రసాన్ని అగర్‌తో కలిపి మరిగించకండి, పులుపుకు పట్టు సడలుతుంది. వైన్ రంగే కావాలని పిల్లలు పేచీ పెడితే నల్ల ద్రాక్ష రసంలో చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు వేసి వేడిచేసి వడకట్టి, బత్తాయి రసం బదులు అది పోయండి.