గ్రాఫ్ కనిపిస్తుంది, కారణం వినిపించదు

2024 జూన్ 29 రాత్రి. బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ముగిసి గంటలు గడిచినా హైదరాబాద్‌లో మా వీధిలో బాణసంచా మోత ఆగలేదు. సూర్యకుమార్ యాదవ్ బౌండరీ దగ్గర పట్టిన డేవిడ్ మిల్లర్ క్యాచ్ గురించే అందరి మాటా. కాలు తాడుకు తగిలిందా లేదా అని థర్డ్ అంపైర్ రీప్లేలు చూసి ఔటిచ్చాడు. నేను ఛానల్ మార్చి యూరో కప్ పెట్టుకున్నాను. డోర్ట్‌ముండ్‌లో జర్మనీ, డెన్మార్క్ ఆడుతున్నాయి. ఉరుములు, వడగళ్ల వానతో మధ్యలో ఆట ఆగింది. మళ్లీ మొదలై రెండో సగానికి వచ్చేసరికి ఇక్కడ రాత్రి రెండు గంటలు.

డెన్మార్క్ డిఫెండర్ ఆండర్సన్ గోల్ కొట్టాడు. అతడి సహచరుడు డెలానీ బూటు మొన, ప్రత్యర్థి డిఫెండర్లను మించి ముందుకు పోకూడని ఆఫ్‌సైడ్ గీత దాటిందని ఆ గోల్‌ను రద్దు చేశారు. కొద్ది నిమిషాలకే అదే ఆండర్సన్ చేతికి, జర్మనీ ఆటగాడు రౌమ్ కొట్టిన క్రాస్ తగిలింది. అప్పుడు తెర మీద కనిపించిన బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాను. క్రికెట్‌లో బంతి బ్యాటుకు తగిలిందో లేదో చూపే, మనకు బాగా పరిచయమైన స్నికో గ్రాఫ్! సాఫీగా సాగుతున్న గీత బంతి వేళ్లను దాటే క్షణంలో ఒక్కసారి ఎగసింది. ఆ టోర్నీలో వాడిన బంతిలో సెన్సర్ ఉంది. సెకనుకు 500 సార్లు బంతి కదలికను నమోదు చేస్తుంది. రెఫరీ మైఖేల్ ఆలివర్ మైదానం పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి, చూసి, పెనాల్టీ ఇచ్చాడు. హావెర్ట్జ్ గోల్ చేశాడు. జర్మనీ 2-0తో గెలిచింది.

క్రికెట్ చూసే కళ్లకు ఆ గ్రాఫ్ తిరుగులేని సాక్ష్యంలా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆలోచించిన కొద్దీ అది మనల్ని తప్పుదారి పట్టించిందనిపించింది. క్రికెట్‌లో బంతి బ్యాటు అంచును తాకి నేరుగా కీపర్ చేతిలో పడితే ఔటే. అక్కడ తాకడమే మొత్తం ప్రశ్న, గ్రాఫే మొత్తం జవాబు. ఫుట్‌బాల్‌లో బంతి చేతికి తాకినంత మాత్రాన తప్పు కాదు. చేయి కావాలని బంతివైపు వెళ్లిందా, లేక శరీరాన్ని అసహజంగా పెద్దది చేసిందా అని నిబంధన అడుగుతుంది. అసహజం అంటే ఏమిటి? పరుగెత్తేవాడి చేతులు ఊగుతాయి. ఎగిరేవాడి చేతులు లేస్తాయి. ఈ ప్రశ్నకు ఏ సెన్సరూ జవాబు చెప్పలేదు. అది మనిషి తీర్పు. డోర్ట్‌ముండ్‌లో ఆ మనిషి తీర్పుకు కొలత వేషం వేశారు. అభిమానుల మనసుల్లో నమ్మకం సడలేది ఇక్కడే అని నా అభిప్రాయం.

డెలానీ బూటు సంగతి వేరు. ఓటమి తర్వాత డెన్మార్క్ కోచ్ యుల్మాండ్ తన ఫోనులోని ఫొటో విలేకరులకు చూపించి, ఒక్క సెంటీమీటరు అని వాపోయాడు. ఆయన బాధ అర్థమవుతుంది, కానీ ఆ వాదనతో నేను ఏకీభవించను. గీత అన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి. సెంటీమీటరు దాటినా దాటినట్టే. కొలవగలిగినదాన్ని యంత్రం కొలిస్తే నష్టం లేదు.

సరిగ్గా ఆరు రోజులకు, జూలై 5న స్టట్‌గార్ట్‌లో ఇదే జర్మనీ స్పెయిన్‌తో క్వార్టర్‌ఫైనల్ ఆడింది. 1-1తో అదనపు సమయానికి వెళ్లింది. 106వ నిమిషంలో జర్మనీ ఆటగాడు ముసియాలా కొట్టిన షాట్ పెనాల్టీ బాక్స్‌లో స్పెయిన్ ఆటగాడు కుకురెయా చేతికి తగిలింది. తగిలిందా లేదా అన్న అనుమానం ఎవరికీ లేదు, గ్రాఫ్ అవసరమే రాలేదు. అయినా రెఫరీ ఆంథోనీ టేలర్ ఆట కొనసాగించాడు. తెర దగ్గరికి వెళ్లి చూడమని, రీప్లేలు పరిశీలించే వీడియో గది నుంచి పిలుపు రాలేదు. 119వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు మెరీనో తలతో గోల్ చేశాడు, ఆతిథ్య జట్టు ఇంటిదారి పట్టింది. ఒకే టోర్నీ, ఒకే నిబంధన. ఆండర్సన్‌ది పెనాల్టీ ఎందుకయింది, కుకురెయాది ఎందుకు కాలేదు? కాకపోవడానికి కారణం ఉండే ఉంటుంది. కానీ డబ్బు పెట్టి టికెట్ కొని గ్యాలరీలో కూర్చున్నవాడికి దాన్ని ఎవరూ చెప్పలేదు. అది పెనాల్టీయేనని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య రెఫరీల కమిటీ తేల్చినట్టు ఆ సెప్టెంబరులో వార్తలు వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

క్రికెట్ నుంచి ఫుట్‌బాల్ గ్రాఫ్‌ను తెచ్చుకుంది, గొంతును తెచ్చుకోలేదు. మనం థర్డ్ అంపైర్ మాటలు వింటూ ఆట చూస్తాం. ఏ కోణం అడిగాడో, ఏం చూశాడో, ఎందుకు నిర్ణయించాడో వింటాం. విన్నాక కూడా తప్పంటాం, పోట్లాడుకుంటాం. కానీ ఆ పోట్లాట ఆయన చెప్పిన కారణం మీద ఉంటుంది. ఫుట్‌బాల్‌లో వీడియో గదికీ రెఫరీకీ మధ్య సాగే సంభాషణను ప్రత్యక్షంగా వినిపించడానికి అనుమతి లేదు. కారణం తెలియని చోట పుకారు పుడుతుంది. రెఫరీ ఫలానా దేశంవాడు, ఫలానా జట్టు మనిషి అన్న మాటలు అక్కడి నుంచే మొదలవుతాయి.

వినిపిస్తే ఏమవుతుందో 2023లో ఒకసారి తేలింది. సెప్టెంబరు 30న ఇంగ్లండ్ లీగ్‌లో టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ సక్రమంగా కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. కొద్ది రోజులకు ఆడియో బయటపెట్టారు. మైదానంలో ఇచ్చిన నిర్ణయం గోల్ అనుకుని, వీడియో గదిలోని అధికారి పరిశీలన పూర్తయిందని చెప్పేశాడు. ఆట మళ్లీ మొదలయ్యాక గదిలో కంగారు. ఒకసారి మొదలైతే నిబంధన ప్రకారం వెనక్కి వెళ్లే వీలు లేదు. టోటెన్‌హామ్ 2-1తో గెలిచింది. లివర్‌పూల్ అభిమానుల కోపం చల్లారలేదు. అయితే పొరపాటు కెమెరాలో లేదని, ఇద్దరు మనుషుల మధ్య మాటలో ఉందని ఆడియో విన్నవాళ్లకు తెలిసింది. దాచి ఉంటే అది కుట్ర కథగానే మిగిలిపోయేది.

వీడియో రెఫరీలే వద్దనేవాళ్లూ ఉన్నారు. స్వీడన్‌లో క్లబ్బుల ఓట్లలో మెజారిటీ సభ్యులైన అభిమానులదే. వాళ్లు గట్టిగా నిలబడటంతో అక్కడి లీగ్‌లోకి వీఏఆర్, అంటే వీడియో రెఫరీ పద్ధతి, రాలేదు. గోల్ పడగానే అనుమానం లేకుండా గంతులేసే హక్కు కోసం వాళ్లు పోరాడారు, ఆ పోరాటాన్ని గౌరవిస్తాను. ఇంగ్లండ్‌లో దాన్ని రద్దు చేయాలని వోల్వ్స్ క్లబ్ 2024లో ప్రతిపాదిస్తే 19-1 ఓట్లతో వీగిపోయింది.

నా మటుకు నేను రద్దు వైపు వెళ్లలేను. స్టట్‌గార్ట్ మ్యాచ్‌కు సుమారు మూడున్నర వారాల ముందు, 2024 జూన్ 11న దోహాలో మన జట్టు ఖతార్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడింది. ఛాంగ్టే గోల్‌తో ముందంజలో ఉన్నాం. 73వ నిమిషంలో బంతి గోల్‌లైన్ దాటి బయటికి వెళ్లింది. మనవాళ్లు ఆట ఆగిందనుకున్నారు. ఖతార్ ఆటగాడు దాన్ని లోపలికి లాగాడు, ఐమెన్ గోల్ కొట్టాడు. రెఫరీ ఒప్పుకున్నాడు. ఆ మ్యాచ్‌లో వీడియో పరిశీలన లేదు. 2-1తో ఓడి మూడో రౌండ్ అవకాశం పోగొట్టుకున్నాం. బంతి గీత దాటిందా అన్నది కొలవగలిగిన ప్రశ్న. ఒక్క రీప్లే చాలేది.

కుకురెయాను మ్యూనిక్ సెమీఫైనల్‌లో, ఆ తర్వాత బెర్లిన్ ఫైనల్‌లో బంతి తాకిన ప్రతిసారీ జర్మన్ అభిమానులు ఈలలతో, అరుపులతో గేలి చేశారు. పెనాల్టీ ఇవ్వకపోవడం అతడి నిర్ణయం కాదు. నిర్ణయించినవాళ్ల గొంతు ఆ గ్యాలరీలకు ఒక్కసారీ వినిపించలేదు, ఎదురుగా కనిపించింది అతడొక్కడే.