పరీక్ష రాసే చెయ్యి యాప్‌లో దొరుకుతుందా?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు యువతీయువకులు శని, ఆదివారాల్లో పైసా తీసుకోకుండా ఒక యాప్ తయారుచేస్తున్నారనుకుందాం. పరీక్షకు స్క్రైబ్ అవసరమైన అంధ విద్యార్థులను, వారు చెబుతుంటే జవాబులు రాసిపెట్టడానికి ముందుకు వచ్చే వలంటీర్లను కలపడం దాని పని. ఆ బృందం తరఫున ఒక యువకుడు, ఏళ్ల తరబడి ఇదే పనిని ఒక ఫోనుతోను, బ్రెయిలీలో రాసుకున్న నంబర్ల పుస్తకంతోను నెట్టుకొచ్చిన చూపులేని విశ్రాంత అధ్యాపకురాలు ఒకే వేదికపై కూర్చుంటే వాదన ఇలా సాగుతుంది.

యాప్ పక్షం: అమ్మా, ఇప్పుడు జరుగుతున్నది ఏమిటో ముందు చెప్పనివ్వండి. పరీక్షల కాలం రాగానే ఒక విద్యార్థి "స్క్రైబ్ కావలెను" అని పది వాట్సాప్ గ్రూపుల్లో పెడతాడు. అందులో ఏ ఊరో ఉంటుంది గానీ ఏ సబ్జెక్టో ఉండదు, తేదీ ఉంటే సమయం ఉండదు. పరీక్ష ముగిసిపోయిన వారానికి కూడా ఆ సందేశం ఎవరో ఒకరు కొత్తదనుకుని పంచుతూనే ఉంటారు, పాపం ఆ విద్యార్థికి ఫోన్లు వస్తూనే ఉంటాయి. సాయం చేయాలన్న మనసు ఈ నగరంలో కావలసినంత ఉంది, అవసరమూ ఉంది. రెండింటికీ మధ్య సరైన దారి లేదు. ఆ దారి వేయడమే మా పని.

ఫోన్ పక్షం: దారి లేక కాదు బాబూ, ఆ దారిలో నడవడానికి అర్హత ఉన్నవాళ్లు తక్కువై ఈ ఇబ్బంది. 2018 ఆగస్టులో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన మార్గదర్శకాలు మీరు చదివే ఉంటారు. అభ్యర్థి తన స్క్రైబును తానే తెచ్చుకుంటే, ఆ వచ్చినవారి విద్యార్హత అభ్యర్థి అర్హత కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని అవి చెప్పాయి. ఆ లెక్కన బీటెక్ చదివిన మీ బృందంలో ఒక్కరు కూడా బీఏ రెండో సంవత్సరం అమ్మాయికి పరీక్ష రాసిపెట్టడానికి పనికిరారు. మీ యాప్‌లో మొదట చేరేవాళ్లు ఎవరంటారు? మీవంటి ఉద్యోగులే.

యాప్ పక్షం: ఆ నిబంధనను యాప్‌లోనే పొందుపరిచాం. ఎవరు ఏ పరీక్షకు అర్హులో అదే వడపోసి చూపిస్తుంది. పీజీ పరీక్షలకు డిగ్రీ చదివినవారు, డిగ్రీకి ఇంటర్ పూర్తయినవారు కనిపిస్తారు. పైగా అర్హతల సంగతి మారుతూ వస్తోంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, నలభై శాతం వైకల్యం నిర్ధారణ కాలేదన్న కారణంతో స్క్రైబును నిరాకరించడం తగదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అభ్యర్థికి ఉన్నది చూపు సమస్య కూడా కాదు, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే రుగ్మత. అడిగేవారి సంఖ్య ఇలా పెరుగుతున్నప్పుడు ఒక పుస్తకంలోని నంబర్లతో ఎంతకాలం నెట్టుకొస్తారు?

ఫోన్ పక్షం: పదో తరగతి పరీక్షకు ఎవరిని చూపిస్తుంది మీ వడపోత? మన దగ్గర ఆ పరీక్ష రాసిపెట్టేది తొమ్మిదో తరగతి పిల్లలు. పద్నాలుగేళ్ల ఆడపిల్ల పేరు, బడి, ఫోన్ నంబరు ఎవరైనా చేరగల యాప్‌లో పెడతారా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటోంది. చట్టం సంగతి అటుంచండి, ఆ పిల్ల తల్లి మిమ్మల్ని ఎందుకు నమ్మాలి? నేను ఫోన్ చేసేది ఆ పిల్లకు కాదు, ఆమె చదివే బడి ప్రధానోపాధ్యాయురాలికి. ఆవిడ ఆ తల్లిని పిలిపించి, కూర్చోబెట్టి, పరీక్ష కేంద్రం ఎక్కడో, తిరిగి ఎవరు తీసుకొస్తారో చెప్పి ఒప్పిస్తుంది.

యాప్ పక్షం: ఈ మాట ఒప్పుకుంటాను. పదో తరగతి వరకు పిల్లల వివరాలు యాప్‌లో ఉండకూడదు, బడి పేరుతో ప్రధానోపాధ్యాయుల ఖాతా మాత్రమే ఉండాలి. ఇది మేం ముందే ఆలోచించవలసింది. కానీ పెద్దల పరీక్షల విషయంలో మీ అనుమానం నాకు అర్థం కావడం లేదు. డెన్మార్కులో హాన్స్ యోర్గెన్ విబెర్గ్ అనే చూపు తక్కువైన వ్యక్తి ఆలోచనతో 2015లో "బీ మై ఐస్" యాప్ వచ్చింది. చూపులేనివారు వీడియో కాల్ చేస్తే ఎక్కడో ఉన్న వలంటీరు ఎత్తి పాలప్యాకెట్ మీది తేదీ చదివి చెబుతారు. అందులో సాయం కోరేవారి కంటే సాయం చేస్తామన్నవారే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఫోన్ పక్షం: నేను కూడా వాడతాను, మంచి యాప్. కానీ అది ఎందుకు నడుస్తుందో గమనించారా? ఆ కాల్ ఒకేసారి పలువురికి వెళ్తుంది, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారు, రెండు నిమిషాల్లో పని ముగుస్తుంది, ఎత్తనివారి వల్ల ఎవరికీ నష్టం లేదు. స్క్రైబ్ పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు గంటల పరీక్షకు గంటకు ఇరవై నిమిషాల చొప్పున మరో గంట అదనంగా ఇస్తారు కాబట్టి నాలుగు గంటలు, రాకపోకలతో కలిపి ఒక పూట మొత్తం, అదీ ఏ బుధవారమో, సెలవు పెట్టుకుని. రావలసిన ఆ ఒక్క మనిషి రాకపోతే విద్యార్థికి ఏడాది పోతుంది. మీటను నొక్కి "వస్తాను" అన్నవాళ్లు ఎందరో ఉంటారు. ఉదయం ఎనిమిదిన్నరకు కాలేజీ గేటు దగ్గర నిలబడేవాళ్ల లెక్క వేరు. ఇంకో మాట, నవ్వుకోకండి. తెలుగు మాధ్యమం పరీక్షకు తెలుగులో రాయాలి. రోజంతా కీబోర్డు మీద బతికేవారికి చేత్తో ఒత్తులు రాసి ఎన్నాళ్లయిందో కనుక్కున్నారా? విద్యార్థి "క్షేత్రస్థాయి" అంటే పెన్ను ఆగిపోయే మంచి మనసులను నేను చాలామందిని చూశాను.

యాప్ పక్షం: అందుకే పరీక్షకు రెండు రోజుల ముందు స్క్రైబును కలుసుకునే వీలు అభ్యర్థికి ఉండాలని ఆ మార్గదర్శకాలే చెప్పాయి. ఆ కలయిక జరిగిందని ఇద్దరూ నమోదు చేస్తేనే జత ఖాయమయ్యేటట్టు చేయవచ్చు. ఒక పేజీ తెలుగు రాయించుకుని చూసుకోమనవచ్చు. అయితే ఇప్పుడు నన్ను కూడా ఒకటి అడగనివ్వండి. మీ పుస్తకంలోని నంబర్లు ఎవరివి? మీ పూర్వ విద్యార్థులవి, వారి స్నేహితులవి, మీకు తెలిసిన కాలేజీలవి. దేవనార్ వంటి పేరున్న అంధ పాఠశాలలో చదివిన పిల్లలకు ఎవరో ఒకరి ద్వారా మీ నంబరు చేరుతుంది. ఆదిలాబాద్‌లోనో, శ్రీకాకుళంలోనో డిగ్రీ చదువుతున్న కుర్రాడికి మీరు ఉన్నారని కూడా తెలియదు. మీకు జ్వరం వచ్చిన రోజున ఈ వ్యవస్థ మొత్తానికి జ్వరమే. దీన్ని నమ్మకం అంటున్నారు మీరు. బయట నిలబడినవాడికి అది పరిచయం ఉన్నవాళ్లకే తెరుచుకునే తలుపు.

ఫోన్ పక్షం: (కాసేపాగి) ఇది నిజం. నాకు తెలియని ఊళ్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను "చూస్తాను నాన్నా" అనేదాన్ని, చూసేదాన్ని, చాలాసార్లు దొరికేవారు కాదు. ఆ పిల్లలు ఏమయ్యారో నేను మళ్లీ కనుక్కోలేదు. మీ యాప్ ఇంకేం చేయకపోయినా, ఎక్కడ ఎవరు అడిగారు, ఎవరికి దొరకలేదు అన్నది రాసిపెట్టినా చాలు. ఆ జాబితా పట్టుకుని విశ్వవిద్యాలయాన్ని నిలదీయవచ్చు. స్క్రైబుల ప్యానెల్ ఏర్పాటుచేసే అవకాశం ఆ మార్గదర్శకాలు పరీక్షలు పెట్టేవారికే ఇచ్చాయి. వాళ్ల పని మనం ఉచితంగా చేసిపెడుతున్నంత కాలం వాళ్లకు తొందర ఏముంటుంది?

యాప్ పక్షం: వలంటీర్లు మొదలుపెట్టిన పనిని ప్రభుత్వం అందుకోవడం 2018 వరదల్లో కేరళలో జరిగింది. వలంటీర్లు కొద్ది రోజుల్లో తయారుచేసిన కేరళ రెస్క్యూ వెబ్‌సైటును రాష్ట్ర ప్రభుత్వ ఐటీ మిషన్ తన పేరుతో నడిపింది, కోడ్ అందరికీ తెరిచే ఉంచారు. మేము కూడా రేపు అలాగే అప్పగించవచ్చు.

ఫోన్ పక్షం: వరద కొన్నాళ్లకు తీస్తుంది, పరీక్ష ఏటా వస్తుంది. ప్లే స్టోర్ ఏటేటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌ను సవరించమంటుందని మీ బృందంలోని అమ్మాయే చెప్పింది. ఓటీపీ ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో, అంటే ఇలాంటి సందేశాలు పంపే సంస్థల పట్టికలో, సంస్థ పేరు నమోదు కావాలని, మీకు సంస్థే లేదని కూడా చెప్పింది. మీలో ఒకరికి అమెరికా వీసా వస్తుంది, ఒకరికి పాప పుడుతుంది. ఎవరినీ తప్పుపట్టను. కానీ మూడో ఏడు మార్చిలో ఆ యాప్ తెరుచుకోకపోతే, దాన్ని నమ్మి పాత నంబర్లు పారేసుకున్న పిల్లవాడి గతి ఏమిటి? ఇంకొకటి. మొన్న మీరు పంపిన నమూనాను, ఫోన్ తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వాడి చూశాను. "బటన్, బటన్, బటన్" అని చదివింది. ఏ బటనో పేరు పెట్టలేదు. పరీక్ష కేంద్రాన్ని మ్యాప్ మీద వేలితో గుర్తించమంది. చూపులేనివారి కోసం చేసిన యాప్ అది!

యాప్ పక్షం: దానికి సిగ్గుపడుతున్నాను. బటన్లకు పేర్లు ఈ వారమే పెడతాం, మ్యాప్ తీసేసి కేంద్రం పేరు రాసుకునేలా చేస్తాం. ఇకమీదట మీవంటివారు వాడి చూడకుండా ఏ మార్పూ బయటికి వెళ్లదు. రెండో మనిషిని కూడా ముందే సిద్ధంగా ఉంచే ఏర్పాటు చేస్తున్నాం. మొదటివారు రాలేనని నొక్కగానే ఆయనకు సమాచారం వెళ్తుంది.

ఫోన్ పక్షం: ఎన్ని గంటలకు నొక్కితే?

యాప్ పక్షం: ఎప్పుడు నొక్కినా.

ఫోన్ పక్షం: ఉదయం ఏడున్నరకు నొక్కారనుకోండి. రెండో మనిషి ఫోన్ సైలెంట్‌లో ఉంది. విద్యార్థి బస్సులో ఉన్నాడు, యాప్ ఏదో మోగింది గానీ ఆ గోలలో వినబడలేదు. ఇప్పుడు?

యాప్ పక్షం: అప్పుడు... ఒక సహాయ నంబరుకు హెచ్చరిక వెళ్తుంది. అక్కడి నుంచి ఎవరైనా అందరికీ ఫోన్లు చేయాలి.

ఫోన్ పక్షం: ఎవరు చేయాలి?

యాప్ పక్షం: మీ నంబరే ఇద్దామనుకున్నాం.

ఫోన్ పక్షం: అనుకున్నాను. నాకు డెబ్బై దాటాయి బాబూ, మార్చి నెలంతా తెల్లవారుజామున ఫోను పక్కన కూర్చోలేను. వలంటీర్లను వెతికే యాప్ కదా మీది! పరీక్ష రోజుల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు ఆ ఫోన్ ఎత్తి, రాలేనన్నవారి చోట ఇంకొకరిని బతిమాలి తెచ్చే మనిషి కావాలని మొదటి ప్రకటన అందులోనే వేయండి. డిగ్రీ ఉన్నా ఫరవాలేదు. ఎవరైనా దొరికితే నా పుస్తకంలోని నంబర్లు ఒక్కొక్కటి చదివి చెబుతాను, రాసుకోమనండి.