ఫ్యూజన్ వార్తల్లో గోడ ఊసే ఉండదు

హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ మీద వార్త వచ్చిందంటే అందులో రెండే అంకెలు: ఎన్ని కోట్ల డిగ్రీలు, ఎన్ని సెకన్లు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం ప్లాస్మాను, అంటే అతి వేడికి అయాన్లుగా విడిపోయిన వాయువును, 1,337 సెకన్లు నిలబెట్టినప్పుడూ అంతే. ఆ ఇరవై రెండు నిమిషాలూ ప్లాస్మా ఎదుట గోడగా నిలిచిన టంగ్‌స్టన్ లోహానికి ఏమైందని అడిగినవాళ్లు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

అయస్కాంత క్షేత్రం ప్లాస్మాను గోడకు తగలనివ్వదని చదువుకుంటాం. అది సగమే నిజం. అంచుల నుంచి జారిన ప్లాస్మా ఎక్కడో ఒకచోట దిగాలి. ఆ చోటు డైవర్టర్. దక్షిణ ఫ్రాన్స్‌లోనే పలు దేశాలు కలిసి కడుతున్న ఐటర్ ఫ్యూజన్ యంత్రంలో దాని పలకలు చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడిని ఓర్చుకోవాలి. మిట్టమధ్యాహ్నపు ఎండకు సుమారు పదివేల రెట్లు! 3,422 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్‌ను తెచ్చిపెట్టింది అందుకే.

వేడి సంగతి అలా ఉంచి హైడ్రోజన్ దగ్గరికి వద్దాం. టంగ్‌స్టన్‌కు హైడ్రోజన్ పొసగదు, మామూలుగా తనలో కరగనివ్వదు. కానీ ప్లాస్మా హైడ్రోజన్ అయాన్లను బలవంతంగా లోపలికి దూరుస్తుంది. దూరినవి చకచకా తిరిగి, చాలావరకు వెనక్కి వచ్చేస్తాయి. స్ఫటికంలో పరమాణువు ఉండాల్సిన చోటు ఖాళీగా కనబడితే మాత్రం కొన్ని అక్కడే తిష్ఠ వేస్తాయి. ఒక్క ఖాళీలో ఐదారు సర్దుకోగలవు. అలా పోగైనచోట ఒత్తిడి పెరిగి పైన బొబ్బలు లేస్తాయి. ఫ్యూజన్‌లో పుట్టే హీలియం చేసే పని ఇంకా వింత. బాగా వేడెక్కిన టంగ్‌స్టన్ మీద అది సన్నటి నూగు మొలిపిస్తుంది, మెరిసే లోహం కాస్తా నల్లబడిపోతుంది.

బొబ్బల కన్నా ట్రిటియమే పెద్ద టెన్షన్. ఇది ఫ్యూజన్‌కు ఇంధనమైన రేడియోధార్మిక హైడ్రోజన్, 12.3 ఏళ్లకు సగమైపోతుంది. ప్రపంచంలో పౌర అవసరాలకు ఉన్న నిల్వ పదుల కిలోలే. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ శక్తి ఏడాదంతా కావాలంటే 55 కిలోలకు పైగా మండించాలి. ఈ ఇంధనాన్ని రియాక్టరే లిథియం నుంచి పుట్టించుకోవాలి. గోడ మింగే ప్రతి గ్రామూ ఆ లెక్కలో లోటే. భద్రత కోణంలో ఐటర్ తన ప్లాస్మా గదిలో పోగయ్యే ట్రిటియానికి 700 గ్రాముల హద్దు పెట్టుకుంది. బ్రిటన్‌లోని జెట్ యంత్రం కార్బన్ గోడను వదిలి 2011లో బెరీలియం, టంగ్‌స్టన్‌లకు మారాక, గోడలో ఆగిపోయే ఇంధనం పదో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. అంత తేడా వచ్చింది గోడ మార్చినందుకే. 2023లో ఐటర్ బెరీలియాన్ని కూడా పక్కనపెట్టి మొత్తం టంగ్‌స్టన్‌కే మొగ్గింది. సరైన నిర్ణయమే అనుకుంటాను, కానీ ఊరికే రాలేదు. బెరీలియంలా టంగ్‌స్టన్ ఆక్సిజన్‌ను పీల్చుకోదు కాబట్టి గోడకు బోరాన్ పూత వేయాలి. ఆ పూత మళ్లీ ట్రిటియాన్ని పట్టి ఉంచుతుంది.

ఇక ఫ్యూజన్‌లో పుట్టే న్యూట్రాన్లు. 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొచ్చి లోహపు పరమాణువులను వాటి చోట్ల నుంచి తన్నేస్తాయి. అంటే హైడ్రోజన్‌కు కొత్త గదులు కట్టిస్తున్నట్టే. ఇప్పటిదాకా ఎక్కువ ప్రయోగాలు ముందు లోహాన్ని దెబ్బతీసి, తర్వాత ప్లాస్మాలో పెట్టి చూసినవే. వాటిమీద నాకున్న అభ్యంతరం ఇదే: రియాక్టర్‌లో రెండూ ఒకేసారి జరుగుతాయి. దెబ్బ తగులుతుండగానే హైడ్రోజన్ వచ్చి చేరితే ఖాళీలు పూడడం తగ్గుతుంది. న్యూట్రాన్లకు బదులు భారీ అయాన్లతో కొడుతూ, అదే సమయంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఎక్కించిన పరీక్షల్లో ఇది బయటపడింది. వేర్వేరుగా కొలిచి కూడితే వచ్చే అంకె అసలుకన్నా తక్కువగా ఉండొచ్చన్నమాట.

ఫ్యూజన్ తరహా న్యూట్రాన్లతో లోహాలను పరీక్షించడానికి స్పెయిన్‌లోని గ్రనాడా దగ్గర ఇఫ్మిఫ్-డోన్స్ కేంద్రాన్ని కడుతున్నారు. అక్కడ ప్లాస్మా ఉండదు. దెబ్బ తిన్న నమూనాలు రేడియోధార్మికంగా బయటికొస్తాయి, వాటిని ప్లాస్మాలో పెట్టి చూడాలంటే అందుకు తగ్గ ప్రయోగశాలలు వేరే కావాలి. ఫలానా ఏడాదికి కరెంటు ఇస్తామని ప్రకటించే కంపెనీల కాలపట్టికల్లో ఈ పనికి ఎన్నేళ్లు పెట్టారో చూడండి.