నాలుగు శాతం మీద మైకు పట్టుకునే ముందు ఆ జాబితా ఒకసారి చదవండి

ముస్లింలలో వెనకబడిన వర్గాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో బీసీ-ఈ పేరుతో ఉన్న 4 శాతం రిజర్వేషన్ గురించి ఈ మాట. బీసీల వాటా లాక్కుని ముస్లింలకు పెట్టారనీ, మత రిజర్వేషన్లు ఎత్తేస్తామనీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వింటున్నాం. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా, తాము గెలిస్తే తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్లు తీసేసి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఇస్తామన్నారు. అప్పట్నుంచి మండల నాయకుడి దాకా అదే పాట. టీవీ చర్చల్లో యాంకర్లు కూడా "మత రిజర్వేషన్" అనే మాటను ఎప్పుడో తేలిపోయిన నిజంలా వాడేస్తున్నారు. ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే ఇందులో ప్రతి ముక్కా కాగితం తీసి సరిచూసుకోగలిగినదే. చూడకుండా మాట్లాడుతున్నారంటే చూడటం ఇష్టం లేకనే.

ముందు లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీలను గ్రూపులుగా విడదీసి ఇచ్చిన రిజర్వేషన్ ఇదీ: బీసీ-ఏ 7, బీ 10, సీ 1, డీ 7. మొత్తం 25 శాతం. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6. అంటే 46 పోగా ఓపెన్ కోటాకు 54 మిగిలేవి. 2007లో బీసీ-ఈ కింద 4 శాతం ఇచ్చాక ఓపెన్ 50కి తగ్గింది. ఏ, బీ, సీ, డీల 25లో ఒక్క సీటు కూడా పోలేదు. పైగా బీసీ-ఈలో అర్హులు దొరక్క సీటు మిగిలితే అది బీసీల్లోని తర్వాతి గ్రూపుకు వెళ్ళాలని నిబంధన. మరి బీసీల నోటికాడి కూడు ఎవరు లాక్కున్నట్టు? యాదవ కుర్రాడికో, గౌడ కుర్రాడికో సీటు రాకపోతే దానికి కారణం షేక్ ఇంటిపేరున్న కుర్రాడని చెప్పడం పచ్చి అబద్ధం. ఇద్దరూ ఒకరి కోటాలో ఒకరు పోటీపడరు.

ఇక "మతం పేరుతో ఇచ్చారు" అనే మాట. దీనికి కొంత చరిత్ర ఉంది, అది దాచాల్సిన పని లేదు. 2004లో వైఎస్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేసి మళ్ళీ 5 శాతం ఇచ్చింది. అదీ నిలవలేదు. వెనుకబాటును సరిగ్గా తేల్చలేదన్నది ఒక కారణం, 46కి 5 కలిస్తే 51 అయి 50 శాతం పరిమితి దాటుతుందన్నది ఇంకో కారణం. ఆ రెండుసార్లూ అభ్యంతరం చెప్పినవాళ్ళ మాటలో పస ఉంది. మొత్తం సమాజాన్ని మతం పేరుతో ఒక వర్గంగా కట్టేయడం కోర్టులో నిలవదు.

ఆ తర్వాతే పి.ఎస్. కృష్ణన్‌ను పిలిచారు. మండల్ సిఫార్సుల అమలులో కీలకంగా పనిచేసిన ఐఏఎస్ అధికారి ఆయన. ముస్లింలలో వృత్తిని బట్టి, సామాజిక హోదాను బట్టి ఎవరు వెనకబడ్డారో ఆయన విడదీశారు. బీసీ కమిషన్ కూడా పరిశీలించాక 2007లో కొత్త చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం 5-2 మెజారిటీతో దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 14 వర్గాలకు కొనసాగించనిచ్చింది, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఇప్పుడు నడుస్తున్నది ఆ ఉత్తర్వు మీదే.

ఆ 14 వర్గాలు ఎవరో వేదిక మీద ఒక్క నాయకుడైనా చదివాడా? అత్తరు సాయిబులు. తురక చాకలి. మంగలి పని చేసే నాయీ ముస్లింలు. కసాయి పని చేసే ఖురేషీలు. ఫకీర్లు, డేరా ఫకీర్లు. గారడి సాయిబులు, పాములవాళ్ళు. గుడ్డి ఎలుగువాళ్ళు, అంటే ఎలుగుబంట్లను ఆడించి పొట్టపోసుకున్నవాళ్ళు. కక్కుకొట్టే జింక సాయిబులు, అంటే ఊరూరా తిరిగి రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు పెట్టినవాళ్ళు. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక వాళ్ళ పని పోయింది. 1972 వన్యప్రాణి చట్టంతో పాముల ఆట, ఎలుగు ఆట నేరమయ్యాయి. చట్టం మంచిదే, కానీ ఆ ఆటల మీద బతికిన కుటుంబాలకు చేతికి ఇంకో పని ఇచ్చిందెవరు? హిందువుల్లో చాకలి, మంగలి, గంగిరెద్దులవాళ్ళు బీసీలైతే ఎవరికీ పేచీ లేదు. అదే పని చేసే మనిషి నమాజు చదివితే మాత్రం "బుజ్జగింపు" అయిపోతోంది. దీన్ని ద్వేషం అనక ఇంకేమంటాం?

2007 రిజర్వేషన్ చట్టం ఎవరిని బయట పెట్టిందో కూడా చదవండి. సయ్యద్, ముషాయిక్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహరా, ఖోజా, కచ్చీ మెమన్, నవాయత్. వీళ్ళకు బీసీ-ఈ సర్టిఫికెట్ రాదు. మతమే అర్హత అయితే పఠాన్‌ను ఎందుకు తీసేస్తారు? ముస్లింలలోనే దూదేకుల వాళ్ళు బీసీ-బీలో, పాకీపని చేసే మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. అక్కడ హిందూ కులాలతో కలిసే పోటీపడుతున్నారు.

రిజర్వేషన్లలో మతమే గీటురాయిగా ఉన్న చోటు నిజంగా ఒకటుంది. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. ఎస్సీ హోదా మొదట హిందువులకే అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీపని చేసే మెహతర్ ముస్లిం అయితే ఎస్సీ కాలేడు. మత రిజర్వేషన్ల మీద అంత మంట ఉన్నవాళ్ళు దీని గురించి ఎందుకు నోరెత్తరు?

తెలంగాణలో బీసీ రిజర్వేషన్లను 42 శాతానికి పెంచే బిల్లుల దగ్గరా ఇదే జరిగింది. కులగణనలో ముస్లిమేతర బీసీలు 46.25 శాతం, బీసీ ముస్లింలు 10.08 శాతం అని తేలింది. ఆ 10.08ని పట్టుకుని 42లో పది ముస్లింలకే పోతోందని ప్రచారం మొదలుపెట్టారు. అది జనాభా లెక్క, కోటా లెక్క కాదు. స్థానిక సంస్థల్లో బీసీ వార్డులు బలమైన వర్గాలకే పోతున్నాయన్న బాధ నిజమే. దానికి మందు బీసీ సీట్లలోనూ ఏ, బీ, సీ, డీ, ఈ వర్గీకరణ అడగడం. అది అడిగితే బీసీ-డీలోని బలమైన కులాలకూ ఇబ్బందే, అందుకే గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ. ముస్లింను చూపించడం తేలిక.

బీసీ-ఈ మీద అడగాల్సిన నిజమైన ప్రశ్న వేరే ఉంది. 14 వర్గాల్లో షేక్ ఒకటి. సంఖ్యలో చాలా పెద్దది, దానిలో చదువుకున్న కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళతో పోటీపడి జింక సాయిబుల పిల్ల మెడికల్ సీటు తెచ్చుకోగలదా? 4 శాతంలో ఏ వర్గానికి ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో ఏడాదివారీగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ బయటపెట్టాలి. కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదని 2010లో హైకోర్టు తప్పుపట్టింది కాబట్టి, ఇప్పుడు కులగణన వివరాలు చేతిలో ఉన్న తెలంగాణ వాటినే సుప్రీంకోర్టు ముందు పెట్టాలి.

మీ ఊరి సభలో ఎవరైనా ఈ 4 శాతం రద్దు చేస్తామంటే లేచి అడగండి: 14 వర్గాల్లో ఎవరిని తీసేస్తారు, పేరు చెప్పండి. చాకలినా, మంగలినా, పాములవాణ్ణా? ఆ 4 శాతం మాకే ఇస్తామంటే, బీసీ-ఏకి ఎంత, బీకి ఎంత, డీకి ఎంత, రాతపూర్వకంగా ఇవ్వమనండి. నాకు తెలిసి ఇప్పటిదాకా ఆ పంపకం కాగితం మీద చూపించినవాళ్ళెవరూ లేరు.