సవరణ: నిద్రమాత్రలకు ‘బలహీన సిఫార్సు’ అంటే క్లెయిమ్ కొట్టేయమని కాదు

నిద్రలేమి మందులన్నిటికీ అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకంలో ‘బలహీన సిఫార్సు’ మాత్రమే ఇచ్చిందని గత పోస్టులో రాశాం. అది నిజమే. కానీ దాన్ని పట్టుకుని బీమా కంపెనీలు ‘మందు పనిచేయదు’ అనడం కుదరదు. ఆధారాల మీద నమ్మకం తక్కువ, కాబట్టి రోగిని బట్టి డాక్టరే తేల్చాలి అన్నదే ఆ గ్రేడు అర్థం. నిద్రలేమికి ట్రాజొడోన్, మెలటోనిన్ అనే మందులు వద్దన్న సూచన కూడా బలహీనమైనదే.

బీమా కంపెనీ ఒక మందు బదులు ఇంకొకటి వాడమనడం ఇంకా పెద్ద తప్పు. రామెల్టియాన్ నిద్ర పట్టడానికి. 3–6 మిల్లీగ్రాముల డాక్సెపిన్ మధ్యలో తెగిపోయే నిద్రకు. రోజూ రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చేసే మనిషికి ‘ముందు రామెల్టియాన్ వాడి చూడండి’ అని షరతు పెడితే అది మార్గదర్శకాన్ని పాటించడం కానే కాదు.

హైదరాబాద్‌లో క్లెయిమ్ వేసేవాళ్లు ముందు పాలసీలో ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం ఖర్చుకు బీమా) ఉందేమో చూడండి. లేకపోతే మాత్రల బిల్లుకు ఈ వాదన నిలవదు. ఉంటే డాక్టరు లేఖలో వారానికి ఎన్ని రాత్రులు, ఎన్ని నెలలుగా నిద్ర లేదో, ప్రవర్తనా చికిత్స (సీబీటీ-ఐ) ఎందుకు చాలలేదో రాయించండి. తిరస్కరణ కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఫిర్యాదుకు కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.